కాలువలో కెరటం, తీగెలో కెరటం

(తణుకులో మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ప్రతి యేటా పెద్దలు దీన్ సంగతులు చెబుతారు. డాక్టర్లు వచ్చి ఆరోగ్యం గురించి చెబుతారు. ప్లీడర్లు వచ్చి చట్టం గురించి చెబుతారు. ఈ యేడు కార్యదర్శిగారు మా దగ్గరకు వచ్చి, "సైన్సు సంగతి ఏదన్నా చెప్పండి, పిల్లలు అడుగుతున్నారు" అన్నారు. "ఏ సంగతి చెప్పమంటారు?" అంటే, "ఏదయినా సరే, భోజనాల వేళ దాటకుండా చూడండి, చాలు" అన్నారు. ఆ షరతుకు ఒప్పుకొని మీ ముందు నిలబడ్డాం.

మేము ఎంచుకొన్న విషయం పేరు కాస్త నోరు తిరగనిది. అర్ధవాహకాలలో ప్లాస్మాన్ అనునాదం, దానితో పనిచేసే టెరాహెర్ట్జ్ పరికరాలు. పేరు విని భయపడకండి. ఇందులో మనకు తెలియని వస్తువులు చాలా తక్కువ. మన పొలాల కాలువ వుంది, పూర్వం మనవాళ్ళు కాల్చిన మట్టిపాత్ర వుంది, పక్క కృష్ణాజిల్లాలో కిరసనాయిలు దీపం ముందు చదువుకొన్న ఒక కుర్రవాడున్నాడు. ఈ మూడూ కలిసేచోటే మా ప్రసంగం.

ముందు తరంగాల సంగతి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు విజయవాడ రేడియో కేంద్రం జ్ఞాపకం వుండే వుంటుంది. దాని మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. అంటే ఆ తరంగం సెకండుకు 8 లక్షల 37 వేలసార్లు ఊగుతుంది. సెల్‌ఫోను తరంగం సెకండుకు సుమారు వంద, రెండు వందల కోట్లసార్లు ఊగుతుంది. మన కంటికి కనిపించే వెలుగు కూడా ఇదే జాతి తరంగమే, కాని అది సెకండుకు నాలుగైదు వందల లక్ష కోట్లసార్లు, అంతకంటె ఎక్కువ కూడా ఊగుతుంది. సెకండుకు లక్ష కోట్లసార్లు ఊగితే దాన్ని ఒక టెరాహెర్ట్జ్ అంటారు. విజయవాడ రేడియో తరంగానికి ఇది సుమారు 12 లక్షల రెట్లు. దీని తరంగం పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా వుండదు.

రేడియో వైపు నుంచి చూస్తే ఇది మరీ వేగం. వెలుగు వైపు నుంచి చూస్తే ఇది మరీ నిదానం. రేడియో సెట్లు తయారుచేసేవాళ్ళు పైకి ఎక్కి ఎక్కి ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. దీపాలు, లేసర్లు తయారుచేసేవాళ్ళు కిందికి దిగి దిగి ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. మధ్యలో మిగిలిపోయిన బీడుభూమి ఇది. సైన్సువాళ్ళు దీన్ని "టెరాహెర్ట్జ్ ఖాళీ" అనే పిలుస్తారు. ఈ బీడును సాగులోకి తేవటానికి ప్రపంచమంతా పాటుపడుతున్నది.

ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో మన దేశస్థుడున్నాడని పిల్లలు గుర్తుంచుకోవాలి. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలతో దూరాన వున్న గంట మోగించి, తుపాకీమందు అంటించి చూపించారు. ఆయన తరంగాలు సుమారు 60 గిగాహెర్ట్జ్ దాకా పోయాయి. టెరాహెర్ట్జ్‌లో పదహారో వంతన్నమాట. వాటిని పట్టటానికి ఆయన గెలీనా అనే ఖనిజపు స్ఫటికం వాడారు. ఆ పరికరానికి 1904లో అమెరికాలో పేటెంటు వచ్చింది. అర్ధవాహకంతో చేసిన పరికరాలకు వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి.

ఇంత కష్టపడి సాధించవలసిన అవసరమేమిటి అని మీరు అడగవచ్చు. ఈ తరంగాలు బట్ట, కాగితం, అట్ట, ప్లాస్టిక్ వంటివాటిని దాటిపోతాయి. ఎక్స్‌రే కూడా దాటుతుంది కాని, అది వొంట్లోని అణువులను చెడగొట్టగల బలం కలది. టెరాహెర్ట్జ్‌కు ఆ బలం లేదు. మూసిన కవరు విప్పకుండా లోపలి పొడి ఏమిటో చాలావరకు చెప్పవచ్చు. ఎందుకంటే చాలా పదార్థాలకు ఈ ప్రాంతంలో తమ తమ ముద్రలున్నాయి. మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రక్షణశాఖ పరిశోధనా సంస్థ సాయంతో నడిచిన కేంద్రంలో పేలుడు పదార్థాలను ఈ తరంగాలతో గుర్తుపట్టే పరిశోధన జరిగింది.

ఇంకొకటి చెబితే మీ మనసుకు తగులుతుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. నౌక పైకి లేచేటప్పుడు ఇంధనపు ట్యాంకు మీది నురగ పూత ముక్క ఊడి రెక్కకు తగలటమే అందుకు మూలం. ఆ తరువాత ఆ నురగ పూత లోపల బోలు ఎక్కడన్నా వుందేమో చూడటానికి నాసావారు వాడిన సాధనాలలో టెరాహెర్ట్జ్ తరంగాలు కూడా వున్నాయి. పూతను కోయకుండా లోపల చూడాలి గదా!

దీనికి ఒక బలహీనత కూడా వున్నది. నీళ్ళంటే ఈ తరంగాలకు సరిపడదు. తడి తగిలితే ఇంకిపోతాయి. శ్రావణమాసపు మన తణుకు గాలిలో అవి ఎంతో దూరం పోలేవు. అందుకనే ఇవి వూరూరికీ వార్తలు మోయటానికి కాక, దగ్గరనుంచి పరీక్షించటానికి, ఒక గదిలో సమాచారాన్ని మహావేగంగా పంపటానికి ఎక్కువ పనికివస్తాయి. ఆకులో ఎంత తడి వుందో కొలవటానికి కూడా వీటిని వాడి చూశారు. బలహీనతే అక్కడ ఉపయోగమయింది.

ఇప్పుడు ప్లాస్మాన్ సంగతి. లోహంలో, అర్ధవాహకంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ అణువుకూ కట్టుబడకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటిని ఒక పక్కకు నెట్టామనుకోండి. వెనక మిగిలిన ధనావేశం వాటిని తిరిగి లాగుతుంది. అవి వచ్చిన వూపులో రెండోపక్కకు పోతాయి. మళ్ళీ లాగుతుంది. అన్నీ ఒక్కటిగా అటూ ఇటూ ఊగుతాయి. ఒక్కొక్కటి విడిగా కాదు, జనసమూహం కదిలినట్టు కదులుతాయి. ఈ సామూహికమైన ఊపునే ప్లాస్మాన్ అంటారు. 1950ల మొదట్లో డేవిడ్ బోమ్, డేవిడ్ పైన్స్ అనే శాస్త్రజ్ఞులు దీని సిద్ధాంతం చెప్పారు.

ఉయ్యాలకు దాని ఊపు దానికుంటుంది గదా. ఆ ఊపుకు సరిగ్గా కలిసేట్టు తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు పోతుంది. కలవకపోతే ఎంత బలంగా తోసినా ప్రయోజనం లేదు. అట్లా కలవటాన్నే అనునాదం అంటారు. ఎలక్ట్రాన్ల ఊపుకు బయటి తరంగం ఊపు కలిస్తే ఆ తరంగాన్ని అవి గట్టిగా పట్టుకొంటాయి.

ఈ అనునాదాన్ని మనుషులు పేరు తెలియకుండానే వాడుకొన్నారు. అందులో మన పూర్వుల వాటా వుందని చెప్పటానికి మాకు సంతోషంగా వుంది. 9వ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల కాలపు ఇరాక్‌లో కుమ్మరులు ఒక విద్య కనిపెట్టారు. గాజుపూత పూసి కాల్చిన పాత్ర మీద వెండి, రాగి సమ్మేళనాలతో చిత్రాలు వేసి, గాలి తక్కువగా పొగ ఎక్కువగా వుండే ఆవంలో రెండోసారి కాల్చేవారు. చల్లారాక తుడిస్తే బంగారం లేకుండానే బంగారపు మెరుపు వచ్చేది. ట్యునీషియాలో ఖైరువాన్ పెద్ద మసీదు మిహ్రాబు చుట్టూ ఆ శతాబ్దపు పలకలు వందకు పైగా నేటికీ మెరుస్తూ వున్నాయి. మన కాలంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే ఆ పూతలో అతిసూక్ష్మమైన వెండి, రాగి నలుసులు కనిపించాయి. వాటిలోని ఎలక్ట్రాన్లు వెలుగుకు ఊగటం వల్ల ఆ రంగులో ఒక భాగం వచ్చింది. ఆ కుమ్మరికి ఎలక్ట్రాన్ తెలియదు. చేతికి, కంటికి, ఆవానికి తెలుసు. చేతిపనిని చిన్నచూపు చూసేవారు ఈ పలకలను ఒకసారి తలచుకోవాలి.

లోహంలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి వుంటాయి. అందుకని వాటి ఊపు చాలా వేగం, వెలుగు ప్రాంతంలోనో అంతకు పైనో వుంటుంది. టెరాహెర్ట్జ్ కావాలంటే ఎలక్ట్రాన్లు పలచబడాలి. ఇక్కడ అర్ధవాహకం పనికివస్తుంది. సిలికాన్, గాలియం ఆర్సెనైడ్ వంటివాటిలో ఎన్ని ఎలక్ట్రాన్లు వుండాలో మనమే నిర్ణయించవచ్చు. గాలియం ఆర్సెనైడ్‌లో ఇంచుమించు నలభై లక్షల అణువులకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున వుంటే ఆ ఊపు సరిగ్గా ఒక టెరాహెర్ట్జ్ దగ్గరకు వస్తుంది. ఎలక్ట్రాన్లను నాలుగు రెట్లు చేస్తే ఊపు రెండు రెట్లవుతుంది. అంటే రేడియోలో స్టేషను తిప్పినట్టు, ఇక్కడ ఎలక్ట్రాన్ల సాంద్రత మార్చి ఊపును తిప్పుకోవచ్చు.

ఇక మన కాలువ దగ్గరకు వద్దాం. ట్రాన్సిస్టరులో ఒక రకానికి నాలుగు భాగాల పేర్లున్నాయి: సోర్స్, గేటు, ఛానల్, డ్రెయిన్. ఈ పేర్లు ఇంగ్లీషువైనా, అర్థం చేసుకోవటంలో గోదావరి జిల్లావాళ్ళను మించినవాళ్ళు లేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి మన బతుకు ఈ నాలుగు మాటల మధ్యనే గదా! ఆనకట్ట దగ్గర నీరు బయలుదేరే మూలం వుంది. లాకుల దగ్గర గేటు వుంది. నీరు నడిచే కాలువ వుంది. చివర మురుగు పోయే డ్రైను వుంది. యనమదుర్రు డ్రైను పేరు తెలియని రైతు ఈ జిల్లాలో లేడు. ట్రాన్సిస్టరులో నీళ్ళ బదులు ఎలక్ట్రాన్లు నడుస్తాయి. గేటు మీద వోల్టేజి పెంచితే కాలువలో ఎలక్ట్రాన్లు నిండుతాయి, తగ్గిస్తే పలచబడతాయి.

1993లో మిషెల్ డ్యాకనోవ్, మైఖేల్ షూర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ పోలిక మాటల వరసకు మాత్రమే కాదని చూపించారు. అటువంటి చిన్న ట్రాన్సిస్టరు కాలువలో ఎలక్ట్రాన్లు పాటించే సూత్రాలు, లోతు తక్కువ కాలువలో నీళ్ళు పాటించే సూత్రాలు ఒకే రూపంలో వున్నాయని వారు రాశారు. నీళ్ళలో లోతు ఎంతో, ఇక్కడ గేటు వోల్టేజి అంత. మీరు గట్టు మీద నిలబడి చూసే వుంటారు. లాకు దగ్గర గేటు ఒక్కసారి దించితే నీరు తోసుకొని ఒక పొడుగాటి కెరటం వెనక్కి పరుగెడుతుంది. నీటి మీద గడ్డిపోచ నెమ్మదిగా పోతుంటుంది, కెరటం మాత్రం దాన్ని దాటి ఎక్కడికో పోతుంది. మీటరు లోతు నీళ్ళలో అటువంటి కెరటం సెకండుకు సుమారు మూడు మీటర్లు పోతుంది. లోతు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లవుతుంది. ఇందాక ఎలక్ట్రాన్లకు చెప్పిన లెక్కే!

ట్రాన్సిస్టరు కాలువలో ఎలక్ట్రాన్ల కెరటం సెకండుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు పోతుంది. ఎలక్ట్రాన్ల నడక మాత్రం అందులో పదోవంతు వుంటే గొప్ప. కెరటానికీ నడకకూ వున్న ఈ తేడాలోనే కిటుకంతా వుంది. మామూలు ట్రాన్సిస్టరు ఎలక్ట్రాన్ నడకను నమ్ముకొంటుంది, అందుకని దాని వేగానికి హద్దుంది. కెరటాన్ని నమ్ముకొంటే ఆ హద్దు దాటవచ్చు. కాలువ పొడవు మిల్లీమీటరులో నాలుగువేలవ వంతు వుంటే, రెండు కొసల మధ్య కెరటం పోయి వచ్చే ఊపు ఒక టెరాహెర్ట్జ్‌కు వస్తుంది. వోల్టేజి మారిస్తే లోతు మారుతుంది, ఊపు మారుతుంది.

ఇది కాగితం మీదే ఆగిపోలేదు. 2004లో 60 నానోమీటర్ల గేటున్న ట్రాన్సిస్టరు నుంచి టెరాహెర్ట్జ్ తరంగాలు బయటికి రావటం చూశారు. అయితే దాన్ని సున్నాకు 269 డిగ్రీలు దిగువకు చల్లబరచవలసి వచ్చింది. వచ్చిన శక్తి కూడా చాలా స్వల్పం. మామూలు వేడిలో ఎలక్ట్రాన్లు దారిలో గుద్దుకొని కెరటం చచ్చిపోతుంది. తూడు పట్టిన కాలువలో కెరటం చావదా? అట్లాగే. తరంగాలను పుట్టించటంలో ఇంకా కష్టం వుంది గాని, వచ్చిన తరంగాన్ని పట్టటంలో ఇటువంటి ట్రాన్సిస్టర్లు మామూలు వేడిలోనే బాగా పనిచేస్తున్నాయి. ఈ రకం ట్రాన్సిస్టర్లు వేరే లోకంలోవి కావు. 1980లో జపానులో ఫుజిట్సూ సంస్థకు చెందిన తకాషి మిమురా తయారుచేసిన హెచ్.ఇ.ఎమ్.టి. అనే ట్రాన్సిస్టరు కుటుంబంలోవే. మన మేడల మీది టీవీ డిష్ గొడుగులో బలహీనమైన సంకేతాన్ని పట్టి పెంచేది ఆ కుటుంబమే.

ఇక మేము మొదట చెప్పిన కుర్రవాడి కథ. ఆయన పేరు చెన్నుపాటి జగదీష్. 1957లో కృష్ణాజిల్లా వల్లూరుపాలెంలో రైతు కుటుంబంలో పుట్టారు. ఏడో తరగతిదాకా కిరసనాయిలు దీపం ముందు చదువుకొన్నారు. హైస్కూలు చదివేటప్పుడు మూడేళ్ళపాటు తనకు చదువు చెప్పే ఉపాధ్యాయుల ఇంట్లో వుండి చదువుకొన్నారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో బి.ఎస్‌సి., ఆంధ్రలో ఎం.ఎస్‌సి. టెక్, ఢిల్లీలో డాక్టరేటు చేశారు. 1990లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడ అర్ధవాహకాల పరిశోధనా బృందాన్ని పెంచారు. 2016లో ఆ దేశం ఆయనకు అత్యున్నత పౌర గౌరవం ఇచ్చింది. 2022లో ఆస్ట్రేలియా సైన్సు అకాడమీకి అధ్యక్షులయ్యారు.

ఆయన బృందం నానోతీగెలు పెంచుతుంది. పెంచటం అన్నమాట కావాలనే అంటున్నాం. ఒక పలక మీద సూక్ష్మమైన బంగారు నలుసులు విత్తనాల్లా చల్లి, గాలియం, ఆర్సెనిక్ వున్న వాయువులు పంపితే, నలుసు కింద నుంచి తీగె నారుమడిలో మొలకలా పైకి లేస్తుంది. మన వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు దాని మందం.

2007లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు, ఆస్ట్రేలియాలో జగదీష్ గారి బృందం కలిసి ఈ తీగెలను టెరాహెర్ట్జ్ తరంగాలతో పరీక్షించారు. లేసరు వెలుగు ఒక్క తళుకు వేసి తీగెలో ఎలక్ట్రాన్లను లేపి, వెంటనే టెరాహెర్ట్జ్ తరంగం పంపి, అది ఎట్లా మారి వచ్చిందో చూశారు. తీగెలో స్పష్టంగా ప్లాస్మాన్ కనిపించింది. సెకండులో లక్ష కోట్లవ వంతును పికోసెకండు అంటారు. ఆ ప్లాస్మాన్ పికోసెకండులో మూడో వంతు లోపలే ఏర్పడింది. కాని పది పికోసెకండ్లలో క్షీణించిపోయింది.

ఎందుకు క్షీణించింది? ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. తీగె లోపలి పదార్థం మంచిదే. అందులో ఎలక్ట్రాన్లు హాయిగా కదులుతున్నాయి. మందపాటి దిమ్మెలో ఎంత చురుకుగా కదులుతాయో అందులో మూడో వంతు చురుకు ఇంత సన్నని తీగెలో కూడా వుంది. అది చాలా గొప్ప సంగతి. లోపమంతా అంచున వుంది. తీగె ఉపరితలం మీద అణువులకు పక్కన పట్టుకొనే తోడు లేదు. ఆ తోడు లేని చోట్లు ఉచ్చుల్లా తయారై, అటు వచ్చిన ఎలక్ట్రాన్‌ను పట్టేసి కదలనీయవు. తీగె సన్నం గనక ప్రతి ఎలక్ట్రాన్‌కూ అంచు దగ్గరే. గట్టుకు బెజ్జాలు పడితే పెద్ద కాలువ కొంతకాలం తట్టుకొంటుంది, పిల్ల బోదె ఆ రోజే ఎండిపోతుంది.

ఆ శాస్త్రజ్ఞులు తీగెను పారెయ్యలేదు. 2009లో రెండు పనులు చేసి చూశారు. ఒకటి, పెంచే పద్ధతి మార్చారు. మొదట కొద్దిసేపు ఎక్కువ వేడిలో మొలకెత్తించి, ఆ తరువాత తక్కువ వేడిలో పెంచారు. దానితో ఎలక్ట్రాన్ల చురుకు దాదాపు రెండింతలయింది, వాటి జీవితకాలం మూడింతలయింది. రెండోది, తీగె చుట్టూ వేరే పదార్థంతో పలచని తొడుగు వేశారు. ఉచ్చులు 82 శాతం తగ్గిపోయాయి. తీగె అదే, అంచున తోడు దొరికింది, అంతే. అక్కడి నుంచి దారి సాగింది. 2015లో ఒక్క నానోతీగెతోనే టెరాహెర్ట్జ్ తరంగాన్ని పట్టే పరికరం చేశారు. 2020లో అటువంటి తీగెలను అడ్డంగా నిలువుగా పేర్చి, వచ్చిన తరంగం ఏ దిశలో ఊగుతున్నదో పూర్తిగా చెప్పే పరికరం చేశారు.

మన ఆడపిల్లలు వినవలసిన పేరు ఇంకొకటి వుంది. మోనా జర్రాహీ. టెహ్రాన్‌లోని షరీఫ్ విశ్వవిద్యాలయంలో చదువుకొని, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసి, ఆ దేశంలోనే ప్రొఫెసరయ్యారు. టెరాహెర్ట్జ్ పరికరంలో వెలుగు పడేచోట లోహపు గీతలను ప్లాస్మాన్ ఊపుకు సరిపోయేట్టు అతి సన్నగా అమర్చారు. 2013లో ఆమె బృందం ఆ ఏర్పాటుతో 50 రెట్లు ఎక్కువ టెరాహెర్ట్జ్ శక్తిని, 30 రెట్లు ఎక్కువగా పసిగట్టే గుణాన్ని సాధించింది. పదార్థం ఎక్కువ పొయ్యలేదు. సరైన చోట సరైన అమరిక చేశారు.

సోదరులారా! ఈ సంగతంతా మీకు ఎందుకు చెప్పామో ఇప్పుడు చెబుతాం.

మాకు తెలిసిన ఒక కుర్రవాడుండేవాడు. పేరు ఎందుకు గాని, మనవాళ్ళ పిల్లవాడే. వాళ్ళ నాన్న రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. పిల్లవాడు బడినుంచి వచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చునేవాడు. సెట్టులో గరగర విని ఏ భాగం పోయిందో చెప్పేవాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్మీడియట్ రెండో ఏడు చదువుతుండగా నాన్నకు జబ్బు చేసింది. చదువు ఆగిపోయింది. కొన్నాళ్ళకు కువైట్ పోయాడు. ఇప్పుడు అక్కడ డ్రైవరు. నిజాయితీగా కష్టపడి చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. అందులో తక్కువేమీ లేదు. కాని ఆ చెవి, ఆ చేయి ఏ పనికి పుట్టాయో మాకు తెలుసు. మేము రోజూ ఆ షాపు ముందు నుంచే నడిచి వెళ్ళేవాళ్ళం. "అబ్బాయి కాలేజీకి పోవటంలేదేమిటి భాయ్?" అని ఒక్కసారి అడిగినవాళ్ళం కాము. ఆనాడు కావలసింది పెద్ద మొత్తం కాదు. రెండేళ్ళ ఫీజు, ఇంటికి నెల నెలా కొంత సాయం, సాయంకాలం కూర్చోటానికి ఒక చోటు. ఆ మూడూ మనలో ఏ నలుగురు తలచుకొన్నా అమరేవి. మేము తలచుకోలేదు. ఈ మాట ఇంతమంది ముందు ఒప్పుకోవటానికే ఈ యేడు ఈ విషయం ఎంచుకొన్నాం.

ఆ పిల్లవాడిలో లోపమేమీ లేదు. అంచున తోడు లేదు. జగదీష్ గారికి ఆ వయసులో ఉపాధ్యాయుల ఇల్లు దొరికింది. ఆ ఉపాధ్యాయులు తాము చేస్తున్నది ఎంత గొప్ప పనో ఆనాడు ఎరుగుదురా? ఒక పిల్లవాడికి మూడేళ్ళు అన్నం పెట్టి, దీపం ముందు కూర్చోబెట్టారు. జగదీష్ గారు ఆ రుణం మరచిపోలేదు. ఆయనా, ఆయన భార్య విద్యగారూ కలిసి, వర్ధమాన దేశాల విద్యార్థులు తమ విశ్వవిద్యాలయానికి వచ్చి పరిశోధన నేర్చుకోవటానికి ఒక నిధి ఏర్పాటు చేశారు.

మన సంఘం చేస్తున్న మంచి పనులు తక్కువేమీ కావు. జనాజా ఏర్పాట్లు చూస్తున్నాం, రంజాన్‌లో పేదలకు సరుకులు ఇస్తున్నాం, పెళ్ళిళ్ళకు సాయపడుతున్నాం. అవి ఆగకూడదు. వాటితోపాటు మా మనవి మూడు మాటలు.

మొదటిది. పదో తరగతి పాసయిన మన పిల్లల జాబితా ప్రతి జూన్‌లో తయారుచేసి, ఎవరు ఏ కోర్సులో చేరారు, ఎవరు చేరలేదు అని ఇంటింటికీ పోయి అడగాలి. మానేసిన పిల్లవాడి ఇంటికి ఆ నెలలోనే పోవాలి. యేడాది తరువాత పోతే ప్రయోజనం లేదు. పది పికోసెకండ్ల సంగతి విన్నారు గదా, ఆలస్యమైతే పట్టుకోవటానికి ఏమీ మిగలదు.

రెండోది. సాయంకాలం పూట పిల్లలు కూర్చొని చదువుకోవటానికి దీపం, ఫాను, బల్లలు వున్న ఒక గది కావాలి. ఆడపిల్లలకు వేరే వేళ పెట్టాలి, లేదా వేరే గది చూడాలి. మనలో చదువు చెప్పగలవారు, ఉద్యోగం చేసి రిటైరైనవారు వారానికి ఒక పూట ఇస్తే చాలు. మా పూట శనివారం అని ఇప్పుడే రాసుకోండి.

మూడోది. మన మెకానిక్ షాపుల్లో, వాచీల బల్లల దగ్గర, ఎలక్ట్రికల్ పనుల్లో చేతులు తిరిగిన కుర్రాళ్ళున్నారు. వాళ్ళకు చదువు రాదని మనమే తీర్మానించేస్తున్నాం. ఖైరువాన్ మిహ్రాబు పలకలు చేసినవాళ్ళ వారసులు అట్లా తీర్మానించకూడదు. పాలిటెక్నిక్‌కో, డిగ్రీలో ఫిజిక్సుకో పోయే దారి వాళ్ళకు చూపించాలి, దారి ఖర్చు మనం పెట్టుకోవాలి.

పిల్లలూ, మీకు ఒక మాట. టెరాహెర్ట్జ్ బీడులో ఇంకా చాలా భూమి ఖాళీగా వుంది. మామూలు వేడిలో, తక్కువ ఖర్చుతో, గట్టి తరంగాలు పుట్టించే చిన్న పరికరం ఎక్కడన్నా దొరుకుతుందా అని ప్రపంచమంతా వెదుకుతున్నది. మన కాలువ గట్టున నిలబడి కెరటాన్ని చూసిన పిల్లలు ఆ ప్రశ్న అడగటానికి అర్హులే. రేపు ఉదయం ఒక గడ్డిపోచను నీళ్ళలో వేసి, పక్కన ఒక రాయి వేసి చూడండి. పోచ ఎంత దూరం పోయిందో, కెరటం ఎంత దూరం పోయిందో చూసి, ఎందుకని మీ మాస్టారిని అడగండి. ఆయన విసుక్కొంటే మా ఇంటికి రండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. వంటశాల నుంచి వాసన కూడా వస్తున్నది.  మనం మొదలుపెట్టబోయే ఈ పనికి అల్లాహ్ బర్కత్ ఇవ్వాలని, వచ్చే యేడు ఇదే సభలో ఈ గదిలో చదువుకొన్న పిల్లల్లో ఒకరైనా లేచి నిలబడి మాట్లాడే రోజు చూపించాలని దువా చేస్తూ సెలవు తీసుకొంటున్నాం.

ఖుదా హాఫిజ్.